యాంజైనాతో బతుకుతున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె విభాగం ఓపీ నుంచి మందుల చీటీ పట్టుకుని బయటికి వచ్చినవారికి ఆ చీటీని విడమరచి చెప్పడం నర్సుగా నా పని. లోపల డాక్టరుగారు చెప్పినదానికల్లా తలూపి, బయటికి వచ్చాక "ఇంతకీ నాకేమైందమ్మా?" అని అడిగేవారే ఎక్కువ. అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో, వారం వారం వస్తూ ఉండటంతో వాటిని ఇక్కడ రాసి పెట్టాను. ప్రశ్నలు వారు అడిగిన తీరులోనే ఉన్నాయి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. మందుల మోతాదులు మాత్రం మీ డాక్టరు రాసినవే పాటించండి.

## రోగం పేరు విన్న కొత్తలో

యాంజైనా అంటే గుండెపోటేనా?

కాదు. గుండె కండరానికి రక్తం అందించే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైనప్పుడు, కూర్చుని ఉన్నంతసేపు ఆ వచ్చే రక్తం సరిపోతుంది గాని, మెట్లెక్కినా, బరువు మోసినా, కోపం వచ్చినా గుండెకు పని పెరిగి అది చాలదు. పూడుకున్న పంటకాలువలో నీరు మామూలు రోజుల్లో మడి తడపడానికి సరిపోయి, నాట్లవేళకు చాలకపోవడం లాంటిదిది. ఆ చాలకపోవడం వల్ల కలిగే నొప్పి, బరువు, బిగింపులనే యాంజైనా అంటారు. పని ఆపితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, కండరం చెడిపోదు. గుండెపోటులో అలా కాదు. ధమనిలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది, కండరం చనిపోవడం మొదలవుతుంది. 1772లో విలియం హెబర్డెన్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ నొప్పిని వర్ణిస్తూ, నడుస్తుండగా, అందులోనూ ఎత్తు ఎక్కుతున్నప్పుడో భోజనం చేసిన కాసేపటికో వస్తుందనీ, నిలబడిపోగానే పోతుందనీ రాశాడు. ఇన్నేళ్ళ తరవాత మా ఓపీలో రోగులు చెప్పేదీ ఇదే.

ఇది గ్యాసు నొప్పో గుండె నొప్పో నాకెలా తెలుస్తుంది?

ఇంట్లో ఉండి కచ్చితంగా తేల్చుకోవడం డాక్టర్లకే సాధ్యం కాదు; అయినా కొన్ని గుర్తులున్నాయి. యాంజైనా సాధారణంగా రొమ్ము మధ్యలో, అరచేయంత మేర, బండరాయి పెట్టినట్టో బిగించి కట్టినట్టో ఉంటుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే చాలామంది పిడికిలి రొమ్ము మీద ఆనించి చూపుతారు. ఎడమ చేతికే కాదు, రెండు చేతులకూ, మెడకూ, దవడకూ, వీపుకూ, పై కడుపుకూ పాకవచ్చు. ఒక్క వేలి కొసతో చూపగలిగే నొప్పి, నొక్కితే పెరిగే నొప్పి, సూదితో గుచ్చినట్టు క్షణంలో వచ్చిపోయే నొప్పి యాంజైనా అయ్యే అవకాశం తక్కువ. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు, నొప్పికీ శ్రమకూ ఉన్న లంకె. రోజూ అదే వంతెన ఎక్కుతున్నప్పుడు వచ్చి, ఆగితే పోయే "గ్యాసు" గ్యాసు కాదు. చిక్కేమిటంటే, ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే సోడా తాగుతారు, త్రేనుపు వస్తుంది, నొప్పీ పోతుంది. నిలబడటం వల్ల తగ్గిన నొప్పికి పేరు సోడాకు వస్తుంది. ఇలా ఆరునెలలు సోడాతో నెట్టుకొచ్చినవారిని నేను చూశాను. ఇక కూర్చుని ఉండగా రొమ్ములో బరువు మొదలై, చెమటలు పట్టి, పది నిమిషాలైనా తగ్గకపోతే అది గ్యాసేమోనని ఆలోచిస్తూ కూర్చోవద్దు, 108కి ఫోను చేయండి.

ఇసిజి బాగుందన్నారు, మరి ఇన్ని మందులెందుకు రాశారు?

ఇసిజి తీసిన ఆ కొద్ది క్షణాల్లో గుండె ఎలా ఉందో మాత్రమే అది చూపుతుంది. మీరు బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు గుండెకు రక్తం చాలుతూనే ఉంటుంది కాబట్టి యాంజైనా ఉన్నవారిలో చాలామందికి అది మామూలుగానే వస్తుంది. అందుకే నడిపిస్తూ ఇసిజి తీసే టిఎంటి, శ్రమ కలిగించి చేసే ఎకో (గుండె స్కానింగ్), ధమనులను నేరుగా చూపే సిటి యాంజియోగ్రామ్ వంటి పరీక్షలు అవసరమవుతాయి. మీరు చెప్పిన లక్షణాలు స్పష్టంగా ఉంటే పరీక్షలు పూర్తికాకముందే డాక్టరు మందులు మొదలుపెట్టవచ్చు, అందులో తొందరపాటేమీ లేదు.

మా అమ్మకు నొప్పే లేదు, ఆయాసం ఒక్కటే. దీన్ని కూడా యాంజైనా అంటారా?

అనవచ్చు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో నరాలు మొద్దుబారి నొప్పి సరిగా తెలియకపోవచ్చు. స్త్రీలలోనూ, వయసు పైబడినవారిలోనూ నొప్పికి బదులు ఆయాసం, విపరీతమైన నీరసం, వికారం, చల్లచెమటలు కనబడవచ్చు. "బట్టలు ఆరేసి వచ్చేసరికి మంచం మీద కూలబడుతోంది, మూడు నెలల కిందట ఇలా లేదు" అని కూతురు చెప్పిన ఒక్క మాట డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది. వయసుతో వచ్చే ఆయాసమేలే అని తోసేయకుండా ఒకసారి గుండె డాక్టరుకు చూపించండి.

యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవన్నారు, నొప్పి మాత్రం వస్తూనే ఉంది. ఇదంతా నా భ్రమేనా?

భ్రమ కాదు. యాంజియోగ్రామ్‌లో కనబడేవి పెద్ద ధమనులు మాత్రమే. వాటి నుంచి చీలే సన్నని నాళాలు అవసరానికి తగినట్టు విప్పారకపోయినా, పెద్ద ధమని ఉన్నట్టుండి బిగుసుకుని మళ్ళీ వదులైనా నొప్పి వస్తుంది. రెండోరకం తరచు తెల్లవారుజామున, విశ్రాంతిలో ఉండగానే వస్తుంది. వీటికి మందులున్నాయి. "మీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాటతో మీ నొప్పి తీరకపోతే, నొప్పి వచ్చిన వేళలు రాసి ఉంచిన కాగితంతో మళ్ళీ వెళ్ళి అడగడానికి మొహమాటపడకండి.

## నొప్పి వచ్చిన వేళ

నాలుక కింద బిళ్ళ ఎప్పుడు, ఎలా పెట్టుకోవాలి?

మన దగ్గర ఇందుకు ఎక్కువగా రాసేది సార్బిట్రేట్ 5 మిల్లీగ్రాముల బిళ్ళ. నొప్పి మొదలవగానే చేస్తున్న పని ఆపి కూర్చోండి. నిలబడి పెట్టుకుంటే రక్తపోటు దిగి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పడుకోవలసిన అవసరం లేదు. నోరు పొడిగా ఉంటే ఒక గుక్క నీటితో తడుపుకుని, బిళ్ళను నాలుక కింద ఉంచి, కరిగేదాకా మింగకండి, పైన నీరు తాగకండి. అప్పుడు గడియారం చూడండి. నొప్పిలో ఉన్న మనిషికి రెండు నిమిషాలు ఇరవై నిమిషాల్లా అనిపిస్తాయి, పక్కన కంగారుపడే వారికి ఇరవై నిమిషాలు రెండులా గడిచిపోతాయి. అందుకే గడియారం చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఐదు నిమిషాలైనా నొప్పి తగ్గుముఖం పట్టకపోయినా, అంతకు ముందే పెరుగుతున్నా 108కి ఫోను చేయాలి. రెండో బిళ్ళ పెట్టుకోమని మీ చీటీలో రాసి ఉంటే అంబులెన్సు కోసం చూస్తూ పెట్టుకోవచ్చు. మెట్లెక్కితే తప్పక నొప్పి వస్తుందని తెలిసినవారు, డాక్టరును అడిగి, ఎక్కడానికి కొద్ది నిమిషాల ముందే పెట్టుకోవచ్చు కూడా. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

బిళ్ళ పెట్టుకోగానే తల పగిలిపోతోంది. నాకు పడలేదా?

పడింది. ఈ మందు రక్తనాళాలను వదులు చేస్తుంది, తలలోని నాళాలను కూడా వదలదు. తలనొప్పి, ముఖం వెచ్చబడటం అందుకే. కొద్దిరోజులు వాడాక చాలామందికి ఇది తగ్గుతుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు గుండెజబ్బు ఉన్నవారికి మంచివి కావు, దుకాణంలో "తలనొప్పి బిళ్ళ" అని అడిగి ఏది ఇస్తే అది వేసుకోకండి.

వాడితే అలవాటైపోతుందని ఓర్చుకుంటున్నాను. తప్పా?

తప్పే. నాలుక కింది బిళ్ళ వ్యసనం కాదు, నొప్పి వచ్చినప్పుడు ఒకటి వాడినంత మాత్రాన అది పనిచేయడం మానదు. ఓర్చుకోవడం వల్ల రెండు నష్టాలున్నాయి: గుండె అంతసేపూ రక్తం చాలక పనిచేస్తుంది, వారానికి ఎన్ని బిళ్ళలు ఖర్చవుతున్నాయన్న లెక్క తప్పిపోతుంది. డాక్టరుకు కావలసింది ఆ లెక్కే.

ఎలాంటి నొప్పికి ఇంట్లో ఉండవచ్చు, ఎలాంటి నొప్పికి పరుగెత్తాలి?

నొప్పి తీవ్రతను బట్టి తేల్చుకోవాలని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో అంతకంటే ముఖ్యమైనది నొప్పి తీరు మారడం. ప్రతివారి యాంజైనాకూ ఒక తీరు ఉంటుంది: ఇంత దూరం నడిస్తే వస్తుంది, ఇన్ని నిమిషాలుంటుంది, ఆగితే పోతుంది. నెలల తరబడి ఆ తీరు మారకుండా ఉన్నంతవరకు దాన్ని నిలకడగా ఉన్న యాంజైనా అంటారు. అది నొప్పిగా ఉన్నా, అప్పటికప్పుడు ప్రమాదం తక్కువ. రెండు అంతస్తులకు వచ్చే నొప్పి ఒక అంతస్తుకే వస్తున్నా, నెలకు రెండుసార్లు వచ్చేది వారానికి నాలుగుసార్లు వస్తున్నా, నిద్రలో లేపేసినా, ఊరికే కూర్చుని ఉండగా వచ్చినా, ఒక బిళ్ళకు తగ్గేది రెండింటికి గాని తగ్గకపోయినా, అది నిలకడ తప్పిన యాంజైనా. నొప్పి స్వల్పంగా ఉన్నా సరే, తరవాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ధమనిలోని కొవ్వు పొర చిట్లి గడ్డకట్టడం మొదలైనప్పుడు తరచు కనబడే మొదటి గుర్తు ఈ మార్పే. విశ్రాంతిగా ఉన్నా, బిళ్ళ పెట్టుకున్నా తగ్గని నొప్పి, చల్లచెమటలు, స్పృహ తప్పినట్టుండటం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలోచించవలసినది లేదు.

గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

కాదు. ఆసుపత్రిలో మానిటరు తగిలించి ఉన్న కొందరు రోగులను, గుండె లయ తప్పిన క్షణాన, డాక్టర్లు దగ్గమని చెప్పిన సందర్భాలున్నాయి. దాన్ని ఎవరో ఇంటి వైద్యంగా మార్చారు. దగ్గుతూ కూర్చున్న సమయంలో అంబులెన్సు సగం దూరం వచ్చేది.

## రోజూ వేసుకునే మందులు

ఉన్నది ఒక రోగం, బిళ్ళలు ఐదా?

ఐదింటి పనీ ఒకటి కాదు. ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. అటర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ వంటి స్టాటిన్లు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించడంతో పాటు ధమనిలోని కొవ్వు పొర చిట్లకుండా గట్టిపరుస్తాయి. అందుకే కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా రాస్తారు. ఈ రెండూ గుండెపోటు రాకుండా వేసుకునేవి, నొప్పిని తగ్గించవు. "వేసుకుంటే ఏ తేడా తెలియడం లేదు" అని జనం ముందుగా మానేసేవి కూడా ఇవే. మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గించి దాని అవసరాన్ని తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్ నాళాలను వదులు చేస్తుంది, కొందరికి దానితో కాళ్ళు వాస్తాయి. రానోలజిన్ ఉంటే మలబద్ధకం రావచ్చు. ముక్కడం గుండెకు మంచిది కాదు కనుక ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

ఒక బిళ్ళను పొద్దున, మధ్యాహ్నం రాసి రాత్రికి రాయలేదు. మరిచిపోయారా?

మరిచిపోలేదు. అది ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అయి ఉంటుంది. నైట్రేట్లు రోజంతా ఎడతెరిపి లేకుండా రక్తంలో ఉంటే శరీరం వాటికి మొద్దుబారుతుంది, మందు పనిచేయడం మానేస్తుంది. రోజులో 10 నుంచి 14 గంటలు ఖాళీ ఉంచితే ఆ ఇబ్బంది రాదు. నొప్పి రాత్రివేళ తక్కువ కనుక సాధారణంగా ఆ ఖాళీని రాత్రికి ఉంచుతారు. "రెండు పూటలా" అన్నారని ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ వేసుకునేవారు మందు ఫలితాన్ని తామే పోగొట్టుకుంటున్నారు.

రెండు నెలలుగా నొప్పి లేదు, మందులు ఆపేయవచ్చా?

నొప్పి లేకపోవడం మందులు పనిచేస్తున్నాయనడానికి గుర్తు. ముఖ్యంగా బీటా బ్లాకర్‌ను ఒక్కసారిగా ఆపితే అణిగి ఉన్న గుండె వేగం ఎగదన్నుకొచ్చి నొప్పి మునుపటికంటే ఎక్కువ కావచ్చు, గుండెపోటుకూ దారితీయవచ్చు. పెళ్ళికి ఊరెళ్ళి నాలుగు రోజులు మందులు మరచిపోవడం కూడా ఆపడమే. ఖర్చు భారమై ఆపుతున్నట్టయితే ఆ మాటే డాక్టరుతో చెప్పండి. జనఔషధి కేంద్రాల్లో ఇవే మందులు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

ఇది అడగడానికి మొహమాటంగా ఉంది. భార్యాభర్తల సంబంధం ఉండవచ్చా, అందుకు మందు వాడవచ్చా?

రెండు అంతస్తులు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగినవారికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. మందు సంగతి వేరు. సిల్డెనాఫిల్, టడలాఫిల్ వంటి మాత్రలు వేసుకున్నవారు సార్బిట్రేట్, మోనోనైట్రేట్ వంటి నైట్రేట్లు వాడితే రక్తపోటు ప్రాణాపాయం కలిగేంతగా పడిపోతుంది. సిల్డెనాఫిల్ తరవాత 24 గంటలు, టడలాఫిల్ తరవాత 48 గంటలు సార్బిట్రేట్ పెట్టుకోకూడదు. రోజూ మోనోనైట్రేట్ వేసుకునేవారు ఆ మాత్రల జోలికే వెళ్ళకూడదు. నొప్పితో ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఇంట్లోవాళ్ళు పక్కనున్నా సరే, ఆ మాత్ర వేసుకున్న సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. అందరినీ బయటికి పంపమని అడగండి, పంపుతాం.

తెల్లమద్ది బెరడు కషాయంతో బ్లాకులు కరుగుతాయంటున్నారు. తాగవచ్చా?

తెల్లమద్దిని మన వైద్యంలో గుండెకు వాడటం పాత ఆచారమే. కాని బ్లాకులు దానితో కరిగిపోతాయని నిరూపణ కాలేదు. ఏది తాగుతున్నా డాక్టరుకు చెప్పి, రాసిన మందులు మానకుండా తాగండి. ఇరవై రోజుల్లో బ్లాకులు మాయం చేస్తామనీ, ముందుగా ఇంగ్లీషు మందులన్నీ ఆపేయమనీ చెప్పేవారి దగ్గర మాత్రం కూర్చోకండి.

## స్టెంటు, బైపాస్

డెబ్బై శాతం బ్లాకు ఉందన్నారు. స్టెంటు వెంటనే వేయించకపోతే గుండెపోటు వస్తుందా?

ఇరుకైన ధమనిని లోపలి నుంచి తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం స్టెంటు; బ్లాకును దాటించి రక్తానికి పక్కదారి కల్పించే ఆపరేషన్ బైపాస్. గుండెపోటు వచ్చినవారికి, నిలకడ తప్పిన యాంజైనా ఉన్నవారికి స్టెంటు ప్రాణం నిలబెట్టేదే, ఆలస్యం చేయకూడదు. నిలకడగా ఉన్న యాంజైనాలో లెక్క వేరు. 2020లో ప్రచురితమైన ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనంలో, 5,179 మంది రోగుల్లో సగం మందిని మొదటే యాంజియోగ్రామ్ చేసి అవసరమైతే స్టెంటు గాని బైపాస్ గాని చేసే పద్ధతిలోనూ, మిగిలినవారిని మందులతోనూ చూస్తే, మరణాలలో గాని మొత్తం గుండెపోట్లలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పి తగ్గడం మాత్రం మొదటి పద్ధతిలో మెరుగ్గా ఉంది. కనుక మందులు సరిగా వాడినా నొప్పి మీ పనులకు అడ్డుపడుతుంటే స్టెంటుకు మంచి కారణం ఉన్నట్టే. ఎడమవైపు ప్రధాన ధమనిలో బ్లాకు ఉన్నవారు ఆ అధ్యయనంలో లేరు; వారి సంగతి, గుండె పంపింగ్ బాగా తగ్గినవారి సంగతి వేరుగా చూడాలి. "ఇది నొప్పి తగ్గడానికా, ఆయుష్షు పెరగడానికా?" అని మీ డాక్టరును అడగండి. అడగదగిన ప్రశ్నే.

స్టెంటు వేశారు. ఇక రోగం పోయినట్టేనా?

ఆ ఒక్కచోట దారి తెరుచుకుంది, ధమనుల్లో కొవ్వు పేరుకునే గుణం అలాగే ఉంది. స్టెంటు తరవాత ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి మరో మందును, నిలకడ యాంజైనాకు వేసిన స్టెంటయితే సాధారణంగా 6 నెలలు, గుండెపోటుకు వేసినదైతే ఏడాది వాడతారు. పన్ను పీకించుకోవడానికని ఎవరో ఆపమంటే ఆపకండి, ముందు గుండె డాక్టరుకు ఫోను చేయండి. స్టెంటులో గడ్డకడితే అది పెద్ద గుండెపోటు.

ఖర్చు ఎలా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద, అర్హులకు స్టెంటు, బైపాస్ చేస్తారు. కార్డుతో ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో ముందే మాట్లాడండి. సొంతంగా కట్టేవారు బిల్లులో స్టెంటు ధరను విడిగా చూపమని అడగండి. మందు పూత ఉన్న స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది, ఆ పరిమితిని అప్పుడప్పుడు సవరిస్తుంటారు.

## రోజువారీ జీవితం

నడిస్తేనే నొప్పి వస్తోంది కదా, నడక మానేయమంటారా?

మానవద్దు, తీరు మార్చుకోండి. నొప్పి వచ్చే దూరానికి కాస్త ముందే ఆగేలా, మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా, మాట్లాడుతూ నడవగలిగేంత వేగంతో మొదలుపెట్టి వారం వారం కొద్దిగా పెంచండి. తిన్న తరవాత గంటన్నర ఆగండి. చలికాలం తెల్లవారుజామున కాకుండా ఎండ పొడ పడ్డాక వెళ్ళండి. చలికి నాళాలు బిగుసుకుంటాయి. జేబులో బిళ్ళలు ఉండాలి.

తిరుమల మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను. ఎక్కవచ్చా?

అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,400 లోపే గాని దూరం తక్కువై నిట్రంగా ఉంటుంది. మెట్ల మీద యాంజైనా రావడం తెలిసిన మనిషికి ఇది టిఎంటి పరీక్షను డాక్టరు పక్కన లేకుండా గంటల తరబడి చేసుకోవడం లాంటిది. కొత్తగా రోగం తెలిసినవారు, ఈమధ్య నొప్పి తీరు మారినవారు ఎక్కకూడదు. స్టెంటు వేయించుకుని, టిఎంటి బాగుండి, డాక్టరు సరేనన్నవారు చల్లని వేళలో, ఆగుతూ, తోడుతో వెళ్ళినవారున్నారు. మిగిలినవారు కొండపైకి బస్సులో వెళ్ళండి. మా ఓపీకి వచ్చే ఒక పెద్దావిడ ఇంట్లో మేడమెట్లు రోజుకు పది చొప్పున ఎక్కి ఏడాదిలో ఆ లెక్క పూర్తి చేస్తానంది. డాక్టరుగారు ఆ మొక్కును చీటీలో వ్యాయామం కింద రాశారు.

అన్నం మానాలా? ఆవకాయ అసలే తినకూడదా?

అన్నం మానక్కర్లేదు, తగ్గించి ఆ చోటున కూర, పప్పు పెంచండి. ఒకేసారి కడుపునిండా తినడం కంటే కొంచెం కొంచెంగా తినడం మేలు. భోజనం తరవాత నొప్పి వచ్చేవారికి మరీనూ. ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు. మన ఇళ్ళలో అది కూరలోనే అయిపోతుంది, పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలు దానిపైన అదనం. ఆవకాయ పండగకు ఒక ముక్క తినండి, రోజూ మొదటి ముద్ద దానితోనే కలపడం మానండి. ఒకసారి కాచిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి. పొగాకు విషయంలో మాత్రం "కొంచెం" అన్నదే లేదు: బీడీ, సిగరెట్, చుట్ట, గుట్కా అన్నీ పూర్తిగా మానాలి.

## ఇంట్లోవాళ్ళకు

నాన్నగారి బిళ్ళలు బీరువాలో భద్రంగా పెట్టాం. సరిపోతుందా?

సరిపోదు. చొక్కా జేబులో ఒకటి, మంచం పక్కన ఒకటి ఉండాలి, ఇంట్లో అందరికీ తెలియాలి. ఒక చిన్న సంగతి గమనించండి. దుకాణంలో అట్ట కత్తిరించి ఐదు బిళ్ళలు ఇచ్చేటప్పుడు గడువు తేదీ ఉన్న కొస వారి దగ్గరే ఉండిపోతుంది. ఒకాయన మూడేళ్ళుగా జేబులో మోస్తున్న ముక్క నాకు చూపించారు. వెండిరేకు చెమటకు నలిగి చిరిగి, బిళ్ళలు పొడి అయి ఉన్నాయి. పూర్తి అట్ట కొనండి, అది చవకైన మందే. గడువు తేదీ ఉన్నవైపు బిళ్ళలు చివరికి వాడండి.

108కి ఫోను చేస్తే ఏం చెప్పాలి?

"గుండెలో నొప్పి, తెలిసిన గుండె రోగి" అన్నది మొదటి మాటగా చెప్పండి. తరవాత ఊరు, వీధి, దగ్గరలో అందరికీ తెలిసిన గుడో బడో నీళ్ళ ట్యాంకో. నొప్పి మొదలైన సమయం, పెట్టుకున్న బిళ్ళల సంఖ్య చెప్పండి. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే, రక్తస్రావం సమస్య లేకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించమని వారు చెప్పవచ్చు. ఇంట్లో 75 మిల్లీగ్రాములవే ఉంటే నాలుగు. రోగిని మెట్లు దింపి రోడ్డు దాకా నడిపించకండి, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బయలుదేరకండి. ఒకరు రోగి దగ్గర ఉండి, ఇంకొకరు వీధి మొగలో నిలబడి, రాత్రయితే ఫోను లైటు ఊపుతూ ఉండాలి. మందుల చీటీ, పాత ఇసిజి ఒక సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టండి.